పై కొలత

భయపడినా, చలి వేసినా కాలి సిర ముడుచుకుపోతుంది. ముడుచుకున్న సిరని కొలిస్తే కొలత తప్పుతుంది. అందుకే చిట్టి స్కానింగ్ గదిలో ముందు ఏసీ తగ్గించేది, జెల్ సీసాను వేడినీళ్ళ గిన్నెలో ఉంచేది, ఆ తర్వాత కాసేపు కబుర్లు చెప్పేది. ఎంత పిరికివాళ్ళైనా ఆ కబుర్లలో పడి కాలి సంగతి మరిచిపోయేవాళ్ళు.

ఆ ఉదయం మాత్రం కబుర్లు చెప్పే పని ఆమెకు తప్పింది. గోడకున్న కడ్డీ పట్టుకుని మెట్టుపీట మీద నిలబడ్డవాడు ఆమె బావ.

బావ కటింగ్ మాస్టరు. పొద్దస్తమానం టైలరింగ్ షాపులో బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తాడు. నిలబడి నిలబడి ఎడమకాలి నరాలు వానపాముల్లా ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రమయ్యేసరికి కాలు బండబారిపోతోంది. అక్క పోరు పడలేక చివరికి ఈ గది దాకా వచ్చాడు. లేజర్‌తో ఆ సిరని లోపలి నుంచి కాల్చి మూసేయాలంటే, ముందు అది ఎక్కడెక్కడ ఎంత వెడల్పుందో తెలియాలి. అది తేల్చేది చిట్టి.

"మీ బావకి నువ్వే చేస్తావా? రేపటిదాకా ఆగితే రెండో అమ్మాయి వస్తుంది," అని డాక్టరుగారు అడిగారు కూడా. నేనే చేస్తానంది చిట్టి. రేపంటే బావ మళ్ళీ దొరకడు.

"జీవితమంతా జనాన్ని నేను కొలిచాను. ఇవాళ నన్ను కొలిచే మనిషి పుట్టుకొచ్చింది," అన్నాడు బావ. "టేపు ఉందా మరదలా? లేకపోతే నాది ఇస్తాను."

"నీ టేపుకి మిల్లీమీటర్లు తెలుసా బావా?"

"ఎందుకు తెలీవు? పెళ్ళికొడుకులకి మాత్రమే వాడతాను."

"సరే, బరువంతా కుడికాలి మీద వెయ్యి. ఎడమకాలు వదిలేసినట్టు పెట్టు."

"వదిలేస్తే అది మీ అక్క దగ్గరికి పారిపోతుంది. దానికి అక్కడ సేవలు బాగా జరుగుతున్నాయి."

తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న అక్క దగ్గింది. అంటే వింటోందన్నమాట.

చిట్టి యంత్రానికి తగిలించిన ప్రోబ్‌ని మోకాలి లోపలి వైపు ఆనించింది. ఈ పనిలో చెయ్యి తేలిగ్గా ఉండాలి. కొంచెం అదిమినా సిర నలిగి సన్నగా కనిపిస్తుంది. ఈక ఆనినట్టు ఆనించి, కొలత తీసుకుని, ఆ తర్వాతే అదమాలి. మంచి సిర అదిమితే రెండు పెదాలు మూసుకున్నట్టు మూసుకుపోతుంది. తర్వాత పిక్కని ఒకసారి పిసికి వదలాలి. రక్తం వెనక్కి జారుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది. మోకాలి దగ్గర అన్నీ పద్ధతి ప్రకారం చేసింది. సిర ఆరు మిల్లీమీటర్లుంది. రక్తం వెనక్కి జారుతోంది. అనుకున్నదే.

"నాలుగు రోజుల నుంచి తొడ లోపల తాడు బిగించినట్టు పట్టేసింది," అన్నాడు బావ. "మీ అక్క పూటపూటా మందు రాసి పిండి పిసికినట్టు పిసుకుతోంది. కాలు ఉంటుందో ఊడుతుందో తెలీదు కానీ చర్మం మాత్రం నిగనిగలాడుతోంది."

చిట్టి నవ్వింది. నవ్వుతూనే ప్రోబ్‌ని తొడ మీదికి జరిపింది. సిర పదకొండు. బాగా ఉబ్బింది. బొమ్మ ఆపి, కొలత వేసి, దాచింది. ఇంక అదమాలి. అప్పటికే బావ షార్టు అంచు పట్టుకుని కిందికి లాక్కుంటున్నాడు.

"అయిపోయినట్టేనా?"

"ఇంకా పైన చూడాలి బావా. గజ్జ దగ్గర." ఆ మాట అంటూ జెల్ సీసా వైపు చూసింది.

బావ గోడవైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిట్టి రెండు జడలేసుకుని బడికి వెళ్ళే రోజుల్లో అక్కని చేసుకున్నాడు. సైకిల్ మీద ఆమెని బడిలో దింపేవాడు. ఇద్దరి మధ్యా ఎన్ని వేళాకోళాలున్నా, ఆ వేళాకోళాలకీ ఒక గీత ఉంది.

"చూడు చిట్టీ," అన్నాడు మెల్లిగా. "మా పనిలో లోకొలతని ఒకటుంటుంది. ప్యాంటుకి కాలి లోపలివైపు తీస్తాం. గిరాకీ ఇబ్బంది పడితే టేపు పైదాకా పోనివ్వం. మోకాలి దగ్గర చూసి పైది అందాజు కడతాం. ఇంతవరకూ ఏ ప్యాంటూ కుట్టు విడిపోలేదు. నువ్వూ అందాజు కట్టెయ్యి."

వేరే ఎవరైనా అయితే చిట్టి దుప్పటి కప్పి, మాటల్లో పెట్టి, చిటికెలో చూసేసేది. అసలు స్కాన్ మొదలుపెట్టాల్సిందే గజ్జ దగ్గర. కాలి సిర వెళ్ళి లోపలి పెద్ద సిరలో కలిసే చోటు అది. అంత పెద్ద పాఠమూ ఆ క్షణాన సిగ్గుకి లొంగిపోయింది. "సరేలే," అంది. పై కొలత దగ్గర పన్నెండు అని వేసింది.

బావ బతుకుజీవుడా అని ప్యాంటు తొడుక్కున్నాడు. "డాక్టరుగారు ఏమంటారో సాయంత్రం చెప్పు. అర్జెంటు సూటొకటి బల్ల మీద పడుంది," అంటూ అక్కని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

చిట్టి చేతులు కడుక్కుని, డాక్టరుగారికి చూపించడానికి బొమ్మలు వరసగా పెట్టుకుంది. మోకాలి బొమ్మలో సిర నల్లగా, గుండ్రంగా, బావిలా ఉంది. పారే రక్తం తెరమీద నల్లగానే కనిపిస్తుంది. రెండో బొమ్మ తీసింది.

తొడ దగ్గరి సిర నల్లగా లేదు. బూడిదరంగులో ఉంది.

యంత్రంలో వెలుతురు ఎక్కువైందేమో అనుకుంది. తగ్గించి చూసింది. చుట్టూ ఉన్నదంతా నల్లబడింది కానీ సిర లోపలి బూడిద అలాగే ఉండిపోయింది. పదకొండు మిల్లీమీటర్ల గొట్టం నిండా, అంచు నుంచి అంచు దాకా, తడి సిమెంటు పోసినట్టు.

ఈ చోటిని అదిమి చూడనేలేదు తను.

అది ఉబ్బిన సిర కాదు. గడ్డకట్టిన సిర. తాడు బిగించినట్టుందని బావ చెబుతూనే ఉన్నాడు, తను నవ్వుతూనే ఉంది. గడ్డ తొడలోనే ఆగితే ఫరవాలేదు, మందులున్నాయి. అది పైకి పాకితే? గజ్జ దాటి పెద్ద సిరలోకి తల పెడితే? అక్కడినుంచి ముక్క ఒకటి తెగితే దానికి అడ్డేమీ లేదు. గుండెలోంచి నేరుగా ఊపిరితిత్తికి పోతుంది. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగిపోతాడు.

పైన ఏముందో తెలీదు. తెలుసుకోవాల్సిన మనిషి అందాజు కట్టింది.

మళ్ళీ బావ మాట చెవిలో గింగురుమంది. పిండి పిసికినట్టు పిసుకుతోంది.

చిట్టి ఫోను అందుకుంది. బావ నంబరు మోగి మోగి ఆగింది. కత్తెర చేతిలో ఉంటే ఆ మనిషి దేవుడు పిలిచినా ఎత్తడు. అక్క నంబరూ మోగింది. ఎత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది: బెంచీ పక్కన గోడ మీద 'ఫోను సైలెంట్‌లో పెట్టండి' అని రాసి ఉంది. చెప్పిన మాట వినే మనిషి అక్క. పెట్టే ఉంటుంది. తీయడం మరిచిపోయే ఉంటుంది.

డాక్టరుగారు పక్కగదిలో మరొకరికి లేజర్ చేస్తున్నారు. చిట్టి తలుపు సందులోంచే చెప్పింది. ఆయన తలెత్తలేదు.

"కలిసేచోట ఎలా ఉంది?"

"చూడలేదండీ."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది చిట్టికి.

"తీసుకురా. నడిపించకు. ఎవరూ ఆ కాలిని రుద్దకుండా చూడు. నేను ఇక్కడ ముగించి ఇంజెక్షన్ సిద్ధం చేయిస్తాను. వెళ్ళు."

గుమ్మం దగ్గరున్న చక్రాల కుర్చీ లాక్కుని చిట్టి వీధిలో పడింది.

షాపు రెండు వీధుల అవతల. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. కూరగాయల బండ్లు, ఆగిన లారీ, దాని వెనక హారన్లు. ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ పరిగెత్తే ఆడమనిషికి జనం దారి ఇచ్చారు. కొందరు కుర్చీలోంచి మనిషెవరైనా పడిపోయారేమోనని వెనక్కి కూడా చూశారు. ఒకాయన, "అమ్మా, పేషెంటు ఎక్కడో జారిపోయినట్టున్నాడు," అన్నాడు. పక్కవాడు నవ్వాడు. చిట్టికి ఆ మాట కత్తిలా దిగింది.

మలుపు తిరుగుతూ షాపు ముందు జనం గుమిగూడి ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. అది మంచికో చెడుకో తెలీలేదు.

షాపులో బల్ల మీద సూటు గుడ్డ పరిచి ఉంది. సుద్దగీతలున్నాయి. కత్తెర తెరుచుకుని పడుంది. బావ లేడు.

"బావా?"

బట్టలు తొడిగి చూసుకునే మూలన తెర వేలాడుతోంది. దాని వెనక నుంచి మందు వాసన గుప్పుమంది. చిట్టి తెర లాగింది.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. ప్యాంటు ఒక కాలు విప్పి ఉంది. అక్క నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బొటనవేళ్ళూ తొడ మీద ఆనించి, కింది నుంచి పైకి, ఒంట్లో సత్తువంతా పెట్టి రుద్దుతోంది.

అరిస్తే బావ ఉలిక్కిపడి లేస్తాడు. చిట్టి పళ్ళు బిగించింది.

"అక్కా. చెయ్యి తియ్యి."

"ఇదిగో, ఇక్కడి గట్టిదొక్కటీ కరిగితే..."

"అక్కా, తియ్యి."

ఆ గొంతు విని అక్క చేతులు గాల్లోకి లేచాయి, పొయ్యి తగిలినట్టు.

బావ ముందు చిట్టినీ, తర్వాత కుర్చీనీ చూశాడు. "రథం తెచ్చావే. లగ్నం ఎప్పుడు?"

"ఒక కొలత సరిగ్గా రాలేదు బావా. మళ్ళీ తీయాలి. ఇందులో కూర్చో, తీసుకెళ్తాను."

"నేను నడవగలను. రేపొస్తాలే. ఆ సూటు..." అంటూ అతను స్టూలు మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

చిట్టి రెండు భుజాలూ పట్టుకుని ఆపింది. పని మీద తప్ప ఎప్పుడూ బావని ముట్టుకుని ఎరగదు. అందుకే అతను నిజంగా ఆగిపోయాడు.

"బావా, తొడలో రక్తం గడ్డకట్టింది. పైన ఎక్కడిదాకా ఉందో నాకు తెలీదు. అది కదిలితే ఊపిరితిత్తికి పోతుంది. నడవొద్దు, గట్టిగా దగ్గొద్దు. నన్ను తోసుకెళ్ళనియ్యి."

అక్క మందు అంటిన తన చేతుల వైపు చూసుకుంది.

బావ ఏదో ఒక వేళాకోళం ఆడతాడని చిట్టి ఎదురుచూసింది. ఆడలేదు. మెల్లిగా, గాజుసామాను దించుతున్నట్టు, తనని తాను కుర్చీలోకి దించుకున్నాడు.

వెళ్ళేటప్పుడు కనపడని గుంటలన్నీ వచ్చేటప్పుడు కనపడ్డాయి. కాలువ మీది పలక, విరిగిన ఇటుక, రోడ్డుకి అడ్డంగా పోసిన మిట్ట. ఒక్కో కుదుపుకీ చిట్టి వంగి బావ ముఖంలోకి చూసింది. అక్క కుర్చీ పక్కనే పరిగెడుతూ, చేతులు మాత్రం ఒంటికి దూరంగా పెట్టుకుంది.

"ఆయాసంగా ఉందా బావా?"

"తోసేదానివి నువ్వు. ఆయాసం నీకుండాలి."

"గుండెలో నొప్పి?"

మిట్ట దాటేదాకా అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు.

"నొప్పి లేదు. భయం ఉంది. రెండిటికీ చోటు ఒకటేలా ఉంది."

స్కానింగ్ గదిలో డాక్టరుగారు, నర్సు నిలబడే ఉన్నారు. నలుగురూ కలిసి బావని మంచం మీదికి చేర్చారు. నర్సు బావ చేతికి సూది పెట్టి మందు ఎక్కించింది.

"నువ్వే చూపించు," అన్నారు డాక్టరుగారు. "పై నుంచి మొదలుపెట్టు."

ఈసారి ఎవరూ సిగ్గుపడలేదు. అక్క దుప్పటి పట్టుకుంది. బావ పైకప్పు వైపు చూశాడు. చిట్టి అతని షార్టు పక్కకి జరిపి ప్రోబ్‌ని గజ్జ మీద ఆనించింది. ఈక కంటే తేలిగ్గా.

తెరమీద పెద్ద సిర కనబడింది. నల్లగా, వెడల్పుగా, నదిలా. దానిలోకి పక్కనుంచి కాలి సిర నోరు తెరిచి ఉంది. ఆ నోట్లోంచి బూడిదరంగు నాలుక ఒకటి బయటికి వచ్చి, నదిలో వేలాడుతూ, బావ ఊపిరి తీసిన ప్రతిసారీ ఊగుతోంది.

చెయ్యి అదిరితే ప్రోబ్ అదుముతుంది. చిట్టి మోచెయ్యిని మంచం అంచుకి ఆనించి చేతిని రాయి చేసుకుంది.

"అదమకు," అన్నారు డాక్టరుగారు. "కొలువు. నాలుక ఎంత పొడుగు, మొదలు ఎంత సన్నం."

చిట్టి కొలిచింది. చిటికెన వేలి రెండు కణుపులంత పొడుగు. నోటి దగ్గర నడుము సన్నగా, పురికొసలా ఉంది. తెగాలనుకుంటే అక్కడే తెగుతుంది.

"మందు ఒక్కటే పెట్టి కూర్చుంటే దీన్ని నమ్మలేం," అన్నారాయన. బావ ముఖం మీదికి వంగి, మాట విడదీసి చెప్పారు. "బాబూ, గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి, ఆ ముక్క బయటికి తీసి, సిర నోరు కట్టేస్తాను. అక్కడివరకే మత్తు. మీరు మెలకువగానే ఉంటారు. ఒకటే పని చెయ్యాలి. దగ్గకూడదు, ముక్కకూడదు, ఊపిరి బిగపట్టకూడదు."

"ఏమండీ," అంది అక్క. నర్సు ఆమెని బయటికి తీసుకెళ్ళింది.

పక్కగదిలోకి మంచాన్ని అలాగే తోశారు. యంత్రమూ వెంట వచ్చింది. సిర నోటికి పైన, పొట్టవైపు, చిట్టి ప్రోబ్ పట్టుకుని నిలబడాలి. నాలుక కదిలితే చెప్పాలి. ఆమెకీ గ్లవ్స్ తొడిగారు, ముక్కుకి గుడ్డ కట్టారు. కోత పడింది. చిట్టి అటు చూడలేదు. తెర తప్ప లోకం లేదు.

నాలుక ఊగింది. ఆగింది. ఊగింది.

"చిట్టీ," అన్నాడు బావ, పెదాలు కదిలీ కదలకుండా.

"మాట్లాడకు బావా."

"దగ్గొస్తోంది."

గొంతులో గరగర మొదలైంది. అతని మెడనరాలు బిగుసుకున్నాయి. తెరమీద పెద్ద సిర ఒక్కసారిగా ఉబ్బింది. నాలుక నడుము సాగింది.

"సాగుతోందండీ," అంది చిట్టి.

"ఇంకొంచెం," అన్నారు డాక్టరుగారు. "దారం పోతోంది. ఆయన్ని ఆపు."

చేతులు రెండూ ప్రోబ్ మీదే ఉన్నాయి. వదలడానికి లేదు. ఉన్నది నోరొక్కటే.

"బావా, నోరు తెరువు. నోటితో చిన్నచిన్నగా ఊపిరి వదులు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎలా వదులుతావో అలా. దారం చివర చూడు. చూస్తున్నావా? బెజ్జంలోకి పోనియ్యి. మెల్లిగా. ఇంకో సూది తీసుకో."

బావ కళ్ళల్లో నీళ్ళు ఉబికాయి. పెదాలు గుండ్రంగా చేసి ఊదాడు. మళ్ళీ ఊదాడు. మెడ మీది నరం మెల్లిగా కిందికి దిగింది. తెరమీద నది సన్నబడింది.

నోటి దగ్గర ఏదో మెరిసింది. నాలుక ఒక్క కుదుపుతో తెరమీంచి మాయమైంది. పైకి పోయిందా, కిందికి పోయిందా?

"వచ్చేసింది," అన్నారు డాక్టరుగారు. పళ్ళెంలో ముదురు ఎరుపు ముక్క మెత్తగా పడింది. "కొస కూడా ఉంది. మొత్తం వచ్చింది. కట్టేస్తున్నాను. ఇప్పుడు ఎంత దగ్గుతావో దగ్గవయ్యా."

తీరా దగ్గమంటే బావకి దగ్గు రాలేదు.

"ఇప్పుడు అదిమి చూపించు," అన్నారు డాక్టరుగారు. చిట్టి ప్రోబ్‌ని అదిమింది. పెద్ద సిర గోడలు రెండూ దగ్గరికొచ్చి, ఎక్కడా సందు లేకుండా మూసుకున్నాయి. కొంచెం జరిపి మళ్ళీ అదిమింది. చాలనేదాకా అదుముతూనే ఉంది.

బెంచీ మీద అక్క అరచేతులు పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగిందో, వేళ్ళు పాలిపోయాయి.

"బాగానే ఉన్నాడక్కా. గడ్డ తీసేశారు."

"నేను రుద్దాను చిట్టీ. ఈ చేతులతోనే. ఏదైనా ముక్క ముందే పోయుంటే?"

చిట్టి ఆ ప్రశ్ననే డాక్టరుగారిని అడిగి వచ్చింది. ఊపిరితిత్తుల స్కాన్‌కి పంపిస్తున్నారు. ఇప్పటికైతే నాడి, ఊపిరి బాగానే ఉన్నాయి. రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. అంతకు మించి ఎవరూ మాట ఇవ్వలేదు.

"నీకు తెలీక రుద్దావు," అంది. "నాకు తెలిసీ పైదాకా చూడలేదు. చూసుంటే మిమ్మల్ని గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు."

"ఎందుకు చూడలేదే?"

"బావ కదా అని."

అక్క తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుంది చిట్టి. అక్క లేచి నిలబడింది. "పద," అంది. "ఆయన ఒక్కడే ఉన్నాడు."

స్కాన్ నుంచి తెచ్చాక బావని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. రిపోర్టు ఇంకా రాలేదు. అక్క ఒక పక్క కూర్చుంది, చిట్టి ఇంకో పక్క. ఇద్దరూ దుప్పటి వైపే చూస్తున్నారు. అది లేస్తోంది, పడుతోంది. ఒకసారి లేవడం కొంచెం ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు.

బావ ఒక కన్ను తెరిచాడు.

"కోడిగుడ్డు పొదిగినట్టు అలా కూర్చుంటే నిద్రెలా పడుతుంది? కాస్త అటు చూడండి."

ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.